పడినవానికి తెలుసు



మా యింట పిల్లలతో కలిసి ఫుట్‌బాల్ చూసేటప్పుడు గోలు కంటె పెనాల్టీకే తగవు ఎక్కువ. "కాలు తగిలింది, ఫౌలే" అని ఒకడు, "తగిలినంత మాత్రాన ఫౌలా?" అని మరొకడు. మేమూ ఊరుకోము. మనము మెచ్చే జట్టువాడు పడితే "పాపం, పడగొట్టారు" అంటాము, ఎదుటి జట్టువాడు పడితే "నాటకం" అంటాము.

ఇంతకూ నియమమేమిటి? తగలడమొక్కటే ఫౌల్ కాదు, అది శరీరాలు తాకే ఆటే గదా! మరోవైపు, తగలకపోయినా కాలు అడ్డుపెట్టి పడగొట్టబోవడము కూడ ఫౌలే. ఆటగాడు అజాగ్రత్తగా చేశాడా, ఎదుటివానికి ప్రమాదమని లెక్కచేయక చేశాడా, మితిమీరిన బలము వాడాడా అని రిఫరీ చూస్తాడు. మొదటిదైతే ఫౌల్ మాత్రమే, రెండవదానికి పసుపు కార్డు, మూడవదానికి ఎర్ర కార్డు. ఇటువంటి వాటిలో "కావాలని చేయలేదు" అంటే చెల్లదు. ఆ ఫౌల్ తన గోలు ముందున్న పెనాల్టీ ఏరియాలో చేస్తే ఎదుటి జట్టుకు పెనాల్టీ దొరుకుతుంది. 11 మీటర్ల దూరమునుండి, గోల్‌కీపర్ ఒక్కడే అడ్డుండగా తన్నవచ్చు. అందుకే ఊరకే పడిపోయే శోధన అక్కడే ఎక్కువ. అలా నటిస్తే పసుపు కార్డు.

1997 మార్చి 24న లండనులో ఆర్సెనల్, లివర్‌పూల్ జట్లు ఆడుతున్నాయి. లివర్‌పూల్ యువకుడు రాబీ ఫౌలర్ గోల్‌కీపర్ డేవిడ్ సీమన్ మీదుగా దూకి పడ్డాడు. రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు. ఫౌలర్ లేచి, తనను ఎవరూ పడగొట్టలేదని చేతులూపుతూ చెప్పాడు. రిఫరీ వినలేదు. ఫౌలరే తన్నాడు, సీమన్ ఆపాడు, తిరిగి వచ్చిన బంతిని సహచరుడు మెకాటీర్ గోలు చేశాడు. లివర్‌పూల్ 2-1తో గెలిచింది.

2014 మార్చిలో జర్మనీలో వెర్డర్ బ్రెమెన్ ఆటగాడు ఆరన్ హంట్ న్యూరెంబర్గ్ జట్టుపై ఆడుతూ పడ్డాడు. అతడు పెనాల్టీ కోసమే పడ్డాడు. ఇచ్చారు కూడ. అయితే ఒక్క క్షణం ఆలోచించి, నన్నెవరూ పడగొట్టలేదని రిఫరీతో చెప్పాడు. రిఫరీ తన నిర్ణయము వెనక్కు తీసుకున్నాడు.

ఇద్దరూ నిజమే చెప్పారు. ఒకరి మాట నిలిచింది, మరొకరిది నిలువలేదు. తీర్పు రిఫరీది గనుక దాని ఫలితము మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది మన మాట ఒక్కటే. హంట్ సంగతి మాకు మరీ నచ్చింది. తప్పు చేయనివాడు నిజం చెప్పడము సులభము. తప్పు చేసి, దాని లాభము చేతికి వచ్చాక చెప్పడము కష్టము.

2018 ప్రపంచకప్పులో రిఫరీకి వీడియో సహాయము వచ్చింది. కాలు తగిలిందో లేదో ఇప్పుడు నెమ్మదిగా తిప్పి చూడవచ్చు. అయినా ఎంత తగిలితే పడిపోయాడు, ఎంతవరకు నటించాడు అన్న తగవు తీరలేదు. అది పడినవానికి బాగా తెలుసు.

తల్లిదండ్రులారా, పెరట్లో ఆడుతూ మీ అబ్బాయి "నన్నెవరూ తోయలేదు, నేనే పడ్డాను" అంటే, ఓడిపోయినా సరే, భుజము తట్టండి. టీవీ ముందు మన నోటికి కూడ అదే కొలత పెట్టుకుందాము. పిల్లలు ఆటతోపాటు మనలను కూడ చూస్తున్నారు.