గోదావరి డెల్టా నీటి జాలం: పట్టు ఎక్కడ దొరుకుతుంది?

పోలవరం వద్ద 48 గేట్ల స్పిల్‌వేను 50 లక్షల క్యూసెక్కుల వరదను పంపగలిగేటట్లు రూపొందించారు. ఇంతటి సాధనం చేతికి వస్తే డెల్టా నీటి సమస్య తీరినట్లేనన్న భావన ఉంది. అది సగమే నిజం. జలాశయం నది ఒడుదుడుకులను తగ్గించగలదు. ధవళేశ్వరం దిగువన పుట్టే ఒడుదుడుకులపై దానికి అధికారం లేదు.

ధవళేశ్వరం నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు సాగే కాలువలు, లాకులు, తూములు, మురుగు కాలువలు కలిసి సుమారు 10 లక్షల ఎకరాలకు విస్తరించిన చలనశీల జాలం. స్థానిక వర్షం, సముద్రపు పోటు, ఎగువ రైతు తూము వద్ద తీసుకునే నిర్ణయం దీనిని నిరంతరం కదిలిస్తుంటాయి. జాల నియంత్రణ శాస్త్రం ఇటువంటి యాదృచ్ఛిక కదలికలను 'రొద'గా పరిగణిస్తుంది. రొదను తుడిచివేయడం సాధ్యం కాదు. అది వ్యవస్థను ఒక స్థితి నుంచి మరొక స్థితిలోకి నెట్టకుండా చూడడం సాధ్యమే. అందుకు అన్ని కణుపులనూ పట్టుకోనక్కరలేదు. సరైన కొన్ని చాలు.

డెల్టాలో ఆ రెండు స్థితులూ రైతులకు తెలిసినవే. సకాలంలో నాట్లు పడితే సార్వా కోత నవంబరు తుపానులకు ముందే ముగిసి దాళ్వా వేళకు మొదలవుతుంది. శివారు భూములకు నీరు పక్షం రోజులు ఆలస్యమైతే 150 రోజుల స్వర్ణ తుపాను నాటికి చేలోనే ఉంటుంది. దాళ్వా వెనుకబడుతుంది, వేసవిలో వంతులు తప్పవు, కాలువల మరమ్మతుకు వ్యవధి చిక్కదు, మరుసటి సార్వా మళ్లీ ఆలస్యం.

ఈ ఆలోచనతోనే 2022లో జూన్ 1న డెల్టా కాలువలకు నీరు వదిలారు. జూలైలో ధవళేశ్వరం వద్ద 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. దానిని చూపి ముందస్తు విడుదలను తప్పుపట్టడం తొందరపాటు. లంకలను ముంచేది నది. గట్ల లోపలి చేలలో నీరు నిలవడానికి పూడిన మురుగు కాలువలే ప్రధాన కారణం. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు మురుగు కష్టమూ చర్చకు వచ్చింది.

కనుక విస్తరణ శాస్త్రవేత్తల దృష్టి హెడ్ రెగ్యులేటరు మీదకంటే శివారు తూము మీద, మురుగు కాలువ నోటి మీద ఉండాలి. కాలువకు నీరు వదిలిన తేదీ, శివారు తూముకు అది చేరిన తేదీ, అక్కడ నారుమడి పోసిన తేదీ: ఈ మూడింటినీ వరుసగా కొన్ని సీజన్లు కాలువవారీగా నమోదు చేస్తే ఏ లాకు వద్ద జోక్యం అవసరమో, ఏ గ్రామానికి స్వల్పకాలిక రకం సిఫారసు చేయాలో తేలుతుంది.