నాన్న ఫోన్ ఇంటికొస్తేనే నెట్

లాడ్ బజార్‌లో లక్క గాజుల దుకాణాలు నడిపే కొన్ని ఇళ్లలో కంప్యూటర్‌కు నెట్ ఇచ్చేది నాన్న ఫోన్ హాట్‌స్పాటే. ఆయన దుకాణంలో ఉన్నంతసేపూ ఇంట్లో నెట్ ఉండదు. రంజాన్ నెలలోనైతే ఆ బజారు అర్ధరాత్రి దాటినా మూయరు. అలాంటప్పుడు రాత్రి 8 గంటల్లోపు హోంవర్క్ ఆన్‌లైన్‌లో పెట్టమంటే, పాఠం బాగా వచ్చిన పిల్లలకూ మార్కులు పోతాయి. గడువు మర్నాడు ఉదయం దాకా ఉండాలి, నోట్‌బుక్‌లో రాసి తెచ్చినా ఒప్పుకోవాలి అన్నది నా అభిప్రాయం.

తల్లిదండ్రులకు రెండు మనవులు. హాట్‌స్పాట్‌ను ల్యాప్‌టాప్‌లో ‘మీటర్డ్ కనెక్షన్’గా పెట్టండి; విండోస్ అప్‌డేట్లకు డేటా ఖర్చవడం చాలావరకు తగ్గుతుంది. ఇంట్లో నెట్ ఏ వేళకు ఉంటుందో క్లాస్ టీచర్‌కు చెప్పండి. అందులో నామోషీ ఏమీ లేదు. మీరు చెబితేనే మాకు తెలుస్తుంది.