ఘాటు దిగే గేరు

వేముల నుండి కడప మీదుగా రాయచోటికి పోవాలంటే గువ్వలచెరువు ఘాటు దాటాలి. మాది పాత బుల్లెట్. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఒక పర్యాయము తిరుగు ప్రయాణములో, కడప వైపు దిగుతూ, పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలాము. వెనుక మా ఇంటావిడ, ఆమె ఒడిలో బిడ్డ. తొక్కి తొక్కి బ్రేకు డ్రమ్ములు కాగిపోయి, మలుపు దగ్గర పట్టు తప్పింది. ఎదురుగా లోడు లారీ! క్లచ్ పట్టి మూడో గేరు, వెంటనే రెండో గేరు వేశాము. ఇంజనే బండిని పట్టి నిలిపింది.

అంత బరువు బండికి దిగుడులో బ్రేకు ఒక్కటే చాలదు. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. వేగము మలుపుకు ముందే తగ్గించుకోవాలి, మలుపులో కాదు. ఈ సంగతి మాకు చెప్పినది ఆ లారీ డ్రైవరే, అదీ కోపముతో! ఆ దినము మిగిలిన పెట్రోలు గ్లాసెడు కూడా ఉండదు.