హైవే దిగితే కనిపించేది

హైదరాబాదు నుంచి విజయవాడ హైవే మీద దూసుకుపోయేవారికి ఉమ్మడి నల్లగొండ జిల్లా అంటే పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్లే. మేము చౌటుప్పల్‌లోనే హైవే దిగి, మునుగోడు మీదుగా పానగల్ చేరాము. ఆలస్యమైంది, నిజమే. కాని చూడవలసినదంతా ఈ దారిలోనే ఉంది: పత్తిచేలు, ఎండిన బోర్లు, ఫ్లోరైడు నీళ్లు తాగి తరాలపాటు నడుములు వంగిన పల్లెలు.

పానగల్‌లో కందూరు చోడుల నాటి ఉదయసముద్రం చెరువు. ఇప్పుడు అందులోకి వచ్చేవి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు. పక్కనే పొలాల నడుమ ఛాయా సోమేశ్వరాలయం. గర్భగుడిలో పొద్దంతా కదలని నీడను చూడడానికి పట్నం కార్లు వస్తాయి. రావలసిందే.

అయితే పల్లెదారి అందానికి మురిసిపోయేవారు ఒక్కటి గమనించాలి. మనం సరదాగా కుదుపులు తిన్న గుంతల్లోనే రైతు వడ్ల ట్రాక్టరు దిగబడుతుంది. నొప్పులు పడే ఆడమనిషి ఆటోలో ఆ దారినే ఆసుపత్రికి పోవాలి. కల్లం చాలక రైతు తారురోడ్డు మీద వడ్లు ఆరబోస్తే, తొక్కించుకుంటూ పోయి పైగా కసిరే కార్లవాళ్లున్నారు! హైవేలకు వేల కోట్లు దొరుకుతాయి. చాలినన్ని సిమెంటు కల్లాలకు మాత్రం దొరకవా?

చెరువుకట్ట మీద గొర్లు కాసే ముసలాయన అడిగాడు: "నున్నటి తొవ్వ ఉండంగ ఇట్లెందుకొచ్చిండ్రు సారూ?"

మేము చెప్పిన జవాబు ఆయనకు నచ్చలేదు.