అప్పా జంక్షన్ దాటని జాలి

2025 నవంబరు 3, సోమవారం పొద్దున తాండూరు డిపో ఆర్టీసీ బస్సు హైదరాబాద్‌కు వస్తోంది. ఆదివారం ఇళ్ళకు పోయి హాస్టళ్ళకు తిరిగొస్తున్న పిల్లలు, డ్యూటీలకు పోయేవాళ్ళు, అందరూ కలిసి డెబ్బై మంది దాకా ఉన్నారు. చేవెళ్ళ మండలం మీర్జాగూడ దగ్గర ఎదురొచ్చిన కంకర టిప్పర్ గుద్దింది. లోడంతా బస్సు మీద ఒరిగింది. 19 మంది పోయారు. కంకర కింద ఊపిరాడక పోయినవాళ్ళు ఉన్నారు. తాండూరులో ఒకే ఇంటి నుంచి ముగ్గురు అక్కచెల్లెళ్ళ పాడెలు లేచాయి.

సాయంత్రానికల్లా ముద్దాయి దొరికింది. మర్రిచెట్టు.

హైదరాబాద్ అంచున అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా, ఆ బస్సు వచ్చిన బీజాపూర్ రోడ్డు 46 కిలోమీటర్లు. దానికి రెండు పక్కలా తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లున్నాయి. నాలుగు వరసల రోడ్డు కావాలంటే వాటిని కొట్టేయాలన్నారు. కొట్టొద్దన్నవాళ్ళు జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు పోయారు. ఏళ్ళు గడిచాక, ఎక్కువ చెట్లను ఉంచి కొన్నింటిని వేరేచోటికి తరలించేలా ప్లాను మార్చి, ప్రమాదానికి కొద్ది రోజుల ముందే ఆ పంచాయితీ ఒక కొలిక్కి వచ్చింది. ఇంతలో ఈ ఘోరం. చెట్ల కోసం కొట్లాడినవాళ్ళే ఈ 19 మందిని చంపారని ఫోన్లలో తీర్పులు వచ్చేశాయి.

ఆ కోపాన్ని నేను పూర్తిగా తప్పుపట్టను. రోజూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆ ఇరుకు రోడ్డు మీద పోయేవాడికి చెట్టు అందం చూసే తీరిక ఉండదు. రోడ్డు వెడల్పు కావాల్సిందే. నాకు కడుపు మండేది వేరే సంగతికి. చెట్టును బోనెక్కించిన నోళ్ళలో ఎన్ని టిప్పర్ గురించి అడిగాయి? అందులో ఎన్ని టన్నులు ఎత్తారు, ఎక్కడ తూచారు, పైన పట్టా కట్టారా, పొద్దున జనం బస్సులెక్కే వేళకే కంకర బండ్లు ఎందుకు ఉరుకుతున్నాయి, సీట్లకు మించి జనం ఉన్న బస్సు వెనక రెండో బస్సు ఎందుకు లేదు? చెట్టుకు నోరు లేదు, వెనక లీడరు లేడు, క్రషర్ లేదు. అందుకే నేరం దాని మీద వేయడం సులువు.

తాండూరు నుంచి వికారాబాద్, లింగంపల్లి మీదుగా సికింద్రాబాద్‌కు పట్టాలున్నాయి. 1874లో వాడి దాకా నిజాం వేయించిన లైను అది. ఇప్పుడు దాని మీద కరెంటు ఇంజన్లు నడుస్తున్నాయి. ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ళు మొదలై ఇరవై ఏళ్ళు దాటింది, వికారాబాద్ దాకా మాత్రం రాలేదు. పొద్దున పిల్లలు కాలేజీలకు అందే వేళకు రెండు లోకల్ రైళ్ళుంటే ఆ డెబ్బై మందిలో సగమన్నా పట్టాల మీద వచ్చేవాళ్ళు. డీజిల్ మిగిలేది, ప్రాణాలు మిగిలేవి. చెట్లా, మనుషులా అని ఏళ్ళ తరబడి కొట్టుకున్నాం గానీ రైలేది అని రోడ్డెక్కి అడిగినవాళ్ళు ఎంతమంది?

ప్రమాదం జరిగిన వారానికి బ్రెజిల్‌లోని బెలెంలో ప్రపంచ వాతావరణ సభ మొదలైంది. బొగ్గు, పెట్రోలు, గ్యాసు నుంచి మెల్లగా బయటపడదామని 2023లో దుబాయ్ సభలో అన్ని దేశాలూ ఒప్పుకున్నాయి కదా, ఎలా బయటపడాలో ఒక దారి గీయండని ఈసారి ఎనభైకి పైగా దేశాలు అడిగాయి. చివరి తీర్మానంలో ఆ ఇంధనాల ఊసే లేదు. ధనిక దేశాలు నూటయాభై ఏళ్ళు బొగ్గు కాల్చుకుని బాగుపడి ఇప్పుడు మనకు నీతులు చెబుతున్నాయని మనవాళ్ళంటారు. అందులో అబద్ధం లేదు. దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం కట్టుకున్నప్పుడూ అదే అన్నాం. సరే. ఆ మాట చెప్పుకుని ఇంకెన్నాళ్ళు? తాండూరు సిమెంటు బట్టీలో మండే బొగ్గు, కంకర మోసే టిప్పర్ తాగే డీజిల్, మొయినాబాద్ పొలాల్లో లేస్తున్న విల్లాలు, ఇదంతా ఒకటే గొలుసు. దాని మీద వాదన బెలెంలో, దుబాయ్‌లో జరుగుతుంది. శవాలు మీర్జాగూడలో లేస్తాయి.

ఆ విల్లాల మాటకొస్తే, గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల చుట్టూ 84 ఊళ్ళలో కట్టడాలకు హద్దు పెట్టిన 111 జీవోకు ఏం గతి పట్టిందో చేవెళ్ళ, మొయినాబాద్ వాళ్ళకు నేను చెప్పాలా? 1908లో మూసీ వేల మందిని మింగితే కట్టుకున్న చెరువులవి. ఆ జీవో ఎత్తేస్తామంటే చప్పట్లు కొట్టినవాళ్ళలో ఎకరం ధర లెక్కేసుకున్నవాళ్ళే ఎక్కువ. చెరువు నీళ్ళు తాగేవాడికేమో ఆ వార్తే పట్టలేదు.

ఈ పట్టనితనం చెట్ల దగ్గర, నీళ్ళ దగ్గర ఆగదు. మనిషి నెత్తురు దగ్గరా అంతే.

2024 ఫిబ్రవరి 13. ఇదే చేవెళ్ళ నియోజకవర్గం, శంకర్‌పల్లి మండలం, జన్వాడ. అక్కడా రోడ్డే. మెథడిస్టు చర్చి ముందు నుంచి పోయే రోడ్డు ఎంత వెడల్పుండాలన్న దగ్గర మాట పెరిగింది. గుంపు చర్చి మీద పడింది. దెబ్బలు తిన్నవాళ్ళు దళితులు. ఆడవాళ్ళని కూడా చూడలేదు. మోకిల పోలీసులు కేసు పెట్టారు, ఊళ్ళో 144 సెక్షన్ పెట్టారు, నాలుగు రోజులు వార్తలొచ్చాయి. ఇవాళ మీ ఇంట్లో జన్వాడ అనండి, రాజకీయ రచ్చకెక్కిన ఫాంహౌస్ గుర్తొస్తుంది. మొయినాబాద్ అనండి, ఎమ్మెల్యేల బేరం జరిగిందన్న ఫాంహౌస్ గుర్తొస్తుంది. మన జ్ఞాపకంలో గెస్టుహౌసుకున్న చోటు గుడిసెకు లేదు.

ఏడాది తిరగకముందే, 2025 ఫిబ్రవరి 7న, చిలుకూరు బాలాజీ గుడి ప్రధానార్చకులు రంగరాజన్ గారి ఇంటి మీదికి రామరాజ్యం పేరు పెట్టుకున్న గుంపొకటి వచ్చింది. మాకు డబ్బివ్వు, మా దండులో మనుషుల్ని చేర్పించు అని కొట్టింది. ఈయన ఎవరు? హుండీ లేని గుడి నడిపే కుటుంబం మనిషి. 2018 ఏప్రిల్‌లో జియాగూడ రంగనాథుడి గుడిలోకి ఒక దళిత భక్తుణ్ణి తన భుజాల మీద మోసుకెళ్ళిన అర్చకుడు. ఆయన్ని కొట్టినవాళ్ళు వేరే మతం వాళ్ళు కారు. అందుకే చాలామందికి ఏం అనాలో తోచలేదు. నాయకులు పరామర్శకు వరస కట్టారు, ఫొటోలు దిగారు, అయిపోయింది. చిలుకూరులో వీసా కోసం 11 ప్రదక్షిణలు, వచ్చాక 108 చేసి అమెరికా పోయినవాళ్ళు లక్షల్లో ఉంటారు. ఆ వారం వాళ్ళ గ్రూపుల్లో ఎన్ని గొంతులు లేచాయి?

గొంతు లేకనా? 2024 ఆగస్టు తర్వాత బంగ్లాదేశ్‌లో హిందువుల ఇళ్ళు, గుళ్ళ మీద దాడులు జరిగితే మన గ్రూపులు నిద్రపోలేదు. పోకూడదు కూడా. 2023లో మణిపూర్‌లో చర్చిలు తగలబడితే ఇంకో గుంపు నిద్రపోలేదు. 2017లో ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు బర్మా సరిహద్దు దాటి పారిపోతే మరో గుంపు కన్నీళ్ళు పెట్టుకుంది. కానీ ఢాకా కోసం ఏడ్చినవాడు జన్వాడ చర్చి పేరెత్తడు. మణిపూర్ కోసం ఏడ్చినవాడు ఢాకా గుడి దగ్గర నోరు నొక్కుకుంటాడు. ఆ రోహింగ్యాల్లో కొందరు మన రంగారెడ్డి జిల్లా బాలాపూర్‌లోనే రేకుల కింద బతుకుతున్నారు, వాళ్ళ పిల్లల బడి సంగతి ఎవరికీ పట్టదు. దెబ్బతిన్నవాడి మతం తెలిసేదాకా ఆగి, ఆ తర్వాత ఏడవాలో వద్దో తేల్చుకుంటున్నాం. సంతలో పశువు పళ్ళు చూసి బేరమాడినట్టు! దూరాన జరిగినదానికి ఏడిస్తే ఖర్చు లేదు, ఊళ్ళో ఎవరితోనూ మాట పోదు. జన్వాడలో కొట్టినవాడు రేపు మన చుట్టమో, మనకు అప్పిచ్చినవాడో, వార్డు మెంబరో కావచ్చు. అదీ అసలు భయం.

చదువుకున్నవాళ్ళ మీద నాకు ఎక్కువ కోపం. ఊరివాడు నోరు మూసుకుంటే దానికి కారణముంటుంది, పొద్దున లేస్తే అదే బాయి దగ్గర, అదే రేషన్ షాపు దగ్గర మొహాలు చూసుకోవాలి. వీకెండుకు మొయినాబాద్ రిసార్టుకు వచ్చి, మర్రి నీడలో కారాపి ఫొటో తీసుకుని, కర్బన ఉద్గారాల మీద పోస్టు పెట్టి, బర్మా మీద ఇంకో పోస్టు పెట్టి, అదే కారులో వెనక్కి పోయే మనకేం కారణముంది? ఆ దారి పొడుగునా పోలీస్ స్టేషన్లున్నాయి, తహసీల్ ఆఫీసులున్నాయి, ఎమ్మెల్యే ఉన్నాడు, ఎంపీ ఉన్నాడు. జన్వాడ కేసు కోర్టులో ఎక్కడిదాకా వచ్చిందని ఒక్క అర్జీ పెట్టడానికి ఏ మతం అడ్డం? టిప్పర్లను తూచకుండా ఈ రోడ్డు ఎక్కనివ్వొద్దని, పొద్దున ఆరు నుంచి పది దాకా కంకర బండ్లు ఆపమని అడగడానికి ఏ ప్రపంచ సభ తీర్మానం చేయాలి? వికారాబాద్ దాకా లోకల్ రైలు ఎప్పుడని దక్షిణ మధ్య రైల్వేకు ఒక ఉత్తరం రాయడానికి ఏ వీసా కావాలి?