యోకిచ్‌కి దొరికిన ఆ ఒక్క ఏడాది



ఈ వారం మన గ్రూపులో ఒక ఫోటో నాలుగైదు సార్లు తిరిగింది. బాస్కెట్‌బాల్ ఆటగాడు నికోలా యోకిచ్ బొమ్మ, పక్కన పెద్దగా 41, కింద "ర్యాంకు ఒక అంకె మాత్రమే, కష్టపడితే ఎవరైనా నంబర్ వన్" అని. పెట్టిన తమ్ముడిది మంచి మనసే, కాదనం. కానీ మా రూములో నలుగురం ఆ ఫోటో మీద లైట్లు ఆర్పేదాకా వాదించుకున్నాం. ఆ కథలో అసలు ముక్క ఆ ఫోటోలో లేదని మాకు అనిపించింది. అందుకే ఈ పెద్ద పోస్టు. కాస్త ఓపిగ్గా చదవండి.

తెలియని వాళ్ల కోసం ముందు మనిషి గురించి. యోకిచ్‌ది సెర్బియా. హంగరీ, క్రొయేషియా సరిహద్దులకు దగ్గర్లో ఉన్న సోంబోర్ అనే చిన్న పట్నం. 1995 ఫిబ్రవరిలో పుట్టాడు. రెండు పడకగదుల ఇంట్లో అమ్మానాన్న, నానమ్మ, ఇద్దరన్నలు, తను. పేరు ఇంగ్లీషులో ‘జె’తో రాస్తారు, అందుకే మనవాళ్లు జోకిక్ అంటున్నారు. పలకాల్సింది యోకిచ్. (అటెండెన్స్‌లో మన ఇంటిపేర్లు చదివేటప్పుడు ఏం జరుగుతుందో అందరికీ తెలుసు కాబట్టి ఆయన పేరైనా మనం సరిగ్గా పలుకుదాం.)

అమెరికాలో ఎన్‌బీఏ అని పెద్ద లీగ్ ఉంది, 30 జట్లు. కొత్త కుర్రాళ్లను ఏటా వరసగా ఎంచుకుంటారు, దాన్నే డ్రాఫ్ట్ అంటారు. 2014లో 60 మందిని తీసుకున్నారు. యోకిచ్ పేరు 41వది. డెన్వర్ నగెట్స్ అనే జట్టు తీసుకుంది. ఆ సమయానికి టీవీలో తిండి ప్రకటన ఏదో నడుస్తోంది, పేరు తెర మీద కింద చిన్న అక్షరాల్లో వచ్చిపోయింది. మనిషేమో సెర్బియాలో ఇంట్లో నిద్రపోతున్నాడు, అన్న ఫోన్ చేసి లేపాడు. ఆ తర్వాత లీగ్‌లో ఏడాదికి ఒక్కరికే ఇచ్చే ఉత్తమ ఆటగాడి అవార్డు 2021, 2022, 2024ల్లో మూడుసార్లు ఆయనకే వచ్చింది. 2023లో డెన్వర్‌కి మొట్టమొదటి టైటిల్ తెచ్చాడు. అంత కింద ఎంపికై ఆ అవార్డు కొట్టినవాడు అంతకుముందు ఎవరూ లేరు.

ఇక్కడిదాకా ఫోటో చెప్పింది నిజమే. ఆ 41 తర్వాత ఏం జరిగిందో అది చెప్పలేదు.

డెన్వర్ వాళ్లు ఆయన్ని వెంటనే విమానం ఎక్కించి, వచ్చి నీ సత్తా చూపించు అనలేదు. ఆడే హక్కు తమ దగ్గర పెట్టుకున్నారు, ఆయన ఇంకో ఏడాది బెల్‌గ్రేడ్‌లో మెగా అనే తన క్లబ్బులోనే ఆడాడు. తన భాషలో, తనకు తెలిసిన కోచ్ దగ్గర, తనకు తెలిసిన తిండి తింటూ. ఆ ఏడాదే, 2014-15లో, చుట్టుపక్కల దేశాల క్లబ్బులన్నీ ఆడే ఆడ్రియాటిక్ లీగ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. 2015లో అమెరికా వెళ్లేసరికి ఆయన 41వ నంబరు కుర్రాడిలా లేడు. జట్టు ఆ ఏడాదిని ఆయనకిచ్చింది, ఆయన దాన్ని వాడుకున్నాడు. రెండూ జరిగాయి. ఫోటోలో రెండోది మాత్రమే ఉంది.

ఇంకా వెనక్కి వెళ్దాం. ఆయన మెగాకి ఎలా వచ్చాడు? మిష్కో రజ్నాతోవిచ్ అనే ఏజెంట్ పేపర్లో జూనియర్ మ్యాచ్‌ల లెక్కలు చదువుతుంటే, ఎప్పుడూ వినని ఒక కుర్రాడి పేరు పక్కన పాయింట్లు, రీబౌండ్లు మామూలుగా లేవు. ఎవడు వీడు అని ఆరా తీయించాడు. అలా 2012లో, 17 ఏళ్లకు, యోకిచ్ మెగాలో చేరాడు. అదేం దానధర్మం కాదు. కుర్రాళ్లను తయారుచేసి పెద్ద జట్లకు పంపి సంపాదించుకోవడం మెగా పద్ధతి. అయినా ఆ చిన్న అక్షరాలు ఓపిగ్గా చదివే మనిషి ఒకడున్నాడు, పంపడానికి ఒక క్లబ్బు ఉంది. మాకు నచ్చింది అక్కడ.

ఇంకో మనిషి గురించి కూడా చెప్పాలి. దెయాన్ మిలోయెవిచ్. ఆ క్లబ్బు కోచ్. ఆడే రోజుల్లో బుట్ట కింద ఆడేవాళ్లలో పొట్టివాడే, అయినా అదే ఆడ్రియాటిక్ లీగ్‌లో వరసగా మూడుసార్లు ఉత్తమ ఆటగాడు. ఆయన చేతికొచ్చిన యోకిచ్ ఎలా ఉండేవాడు? ఒళ్లు బరువు, బలం తక్కువ, రోజుకి మూడు లీటర్ల కోక్ తాగే అలవాటు (ఇది యోకిచ్ తనే చెప్పుకున్నాడు, అమెరికా వెళ్లే విమానంలో ఆఖరిది తాగి మానేశాడట). ఎగరలేడు. వేగం లేదు. మామూలు కోచ్ అయితే ముందు నువ్వు సన్నబడు, తర్వాత బంతి ముట్టుకో అనేవాడు. లేదా ఎత్తుగా ఉన్నావు కాబట్టి బుట్ట కింద నిలబడు, బంతి వస్తే వెయ్యి, అంతే అనేవాడు. మిలోయెవిచ్ బంతి ఆ కుర్రాడి చేతికే ఇచ్చి ఆడనిచ్చాడు. వాడి కన్ను ఏం చూస్తుందో ఆయన చూశాడు. ఈ రోజు యోకిచ్ తల తిప్పకుండా, వెనక ఉన్నవాడికి బంతి అందిస్తుంటే లోకం నోరెళ్లబెడుతోంది. 2024-25 సీజన్లో సగటున మ్యాచ్‌కి పదికి పైగా అసిస్ట్‌లు, అంటే పక్కవాడు పాయింట్ వేసేలా ఇచ్చిన పాస్‌లు. సెంటర్ స్థానంలో ఆడేవాడు పాయింట్లు, రీబౌండ్లు, అసిస్ట్‌లు మూడింటిలోనూ సీజన్ మొత్తానికి రెండంకెల సగటు తెచ్చుకోవడం అదే మొదటిసారి. మిలోయెవిచ్ తర్వాత అమెరికాలోనే గోల్డెన్ స్టేట్ జట్టుకి సహాయ కోచ్‌గా వెళ్లాడు. 2024 జనవరిలో, జట్టుతో ఊరుకాని ఊళ్లో ఉండగా, గుండెపోటుతో పోయాడు. 46 ఏళ్లే. మోటివేషన్ ఫోటోల్లో ఇలాంటి వాళ్లకు చోటుండదు.

దేశం సంగతి కూడా. సెర్బియాది 70 లక్షలు కూడా లేని జనాభా. 1992లో యుద్ధం, ఆంక్షల వల్ల వాళ్ల జట్టును బార్సిలోనా ఒలింపిక్స్‌కు రానివ్వలేదు. తిరిగి రానిచ్చిన 1995లోనే యూరప్ ఛాంపియన్లయ్యారు. యోకిచ్ పుట్టిన సంవత్సరం అదే. 1999లో నాటో బాంబులు వేసేనాటికి వాడికి నాలుగేళ్లు. ఇంత జరిగినా అక్కడ బాస్కెట్‌బాల్ ఆగలేదు, ఎందుకంటే నేర్పే మనుషులు, ఆడే క్లబ్బులు తరాల నుంచి ఉన్నాయి. ఇంట్లో ఇద్దరన్నలూ ఆడినవాళ్లే. ఒకన్న అమెరికాలో కాలేజీ ఆట ఆడాడు కూడా. అంటే ఆ ఇంట్లో వాడు మొదటివాడు కాదు. దారి ఎటుందో చెప్పేవాళ్లు ఇంట్లోనే ఉన్నారు. "ఎవరైనా" అని రాసే ముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి. ఇంట్లో మొదట కాలేజీ గడప తొక్కిన వాళ్లం ఈ గ్రూపులో ఎంతమందిమి ఉన్నామో చెయ్యెత్తమంటే తెలుస్తుంది.

డెన్వర్‌లో కూడా నేరుగా సింహాసనం వేయలేదు. అదే 2014లో 16వ స్థానంలో ఎంపికైన యూసుఫ్ నుర్కిచ్ అనే బోస్నియా కుర్రాడు కూడా సెంటరే. 2016-17 సీజన్ మొదట్లో ఇద్దర్నీ కలిపి ఆడించారు, కుదర్లేదు. యోకిచ్ తనే బెంచ్ మీద కూర్చుంటానన్నాడు. డిసెంబర్ 15న కోచ్ మైక్ మలోన్ ఆయన్ని తిరిగి మొదటి ఐదుగురిలో పెట్టాడు. ఫిబ్రవరిలో నుర్కిచ్‌ను వేరే జట్టుకు పంపేశారు. ముందు ర్యాంకువాణ్ణి పంపించి వెనక ర్యాంకువాడి మీద జట్టు కట్టారన్నమాట. ఆ పని చేసింది యోకిచ్ పట్టుదల ఒక్కటే కాదు. తమ లెక్కను మార్చుకునే ధైర్యం జట్టు వాళ్లకు ఉంది.

కొందరన్నలు అంటారు, ఇవన్నీ చెప్తే పిల్లలు సాకులు నేర్చుకుంటారు, కష్టపడమనే చెప్పాలి అని. అన్నా, కష్టం గురించి మాకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఊళ్లో కూలికెళ్లి హాస్టల్‌కి వచ్చినవాళ్లం. మా బాధ వేరే. డబ్బున్న జట్టు 41వ కుర్రాడికి ఏడాది ఇస్తే దాన్ని ముందుచూపు అంటారు. మనం ఫస్టియర్‌లో ఇంగ్లీషు, లెక్కలు అందుకోవడానికి ఆరు నెలలు బ్రిడ్జి క్లాసులు పెట్టమంటే మెరిట్ లేదంటారు, రిజర్వేషన్‌లో వచ్చారు కదా అంటారు. ఒకే పని, పేరే మారుతోంది.

ఇంకో సంగతి, ఇది రాయకుండా ఉండలేం. మన పిల్లలు గ్రౌండ్‌లో కనబడగానే పీఈటీ సార్లు అనే మాట, మీకు పుట్టుకతోనే స్టామినా, పరుగుకి రండి, విల్లుకి రండి. పొగడ్తే, సంతోషమే. కానీ ఎప్పుడూ ఒళ్లే చూస్తారు. ఈ పిల్ల ఆటను చదవగలదు, కెప్టెన్ చేద్దాం అన్న మాట మేమైతే వినలేదు. యోకిచ్ ఒంట్లో కొలిచి చూపడానికి ఎత్తు తప్ప ఏమీ లేదు. 2023 ప్లేఆఫ్స్ మొత్తంలో పాయింట్లు, రీబౌండ్లు, అసిస్ట్‌లు మూడింటిలోనూ అందరికంటే ముందున్నాడు, అంతకుముందు ఏ ఆటగాడూ అలా లేడు. ఎగరకుండానే. బుర్రతో ఆడే ఆట అది. ఫోటో పెట్టాలనుకునే తమ్ముళ్లు అది పెట్టండి, మేమే ముందు లైక్ కొడతాం.

అన్నట్టు, ఆ టైటిల్ గెలిచిన రాత్రి ఆయన తొందరంతా ఇంటికి వెళ్లడానికే. సోంబోర్‌లో ఆయన గుర్రాల పందెం ఉందట ఆ ఆదివారం. ఊరేగింపు ఎప్పుడని అడిగి, గురువారం అనగానే మొహం పాడైపోయింది. ఆ వీడియో చూసి మా రూమంతా పడీ పడీ నవ్వాం. పండక్కి సెలవివ్వని నెలల్లో మా మొహాలూ అవే.

సరే, పని గురించి. ఫస్ట్ సెమ్ రిజల్ట్స్ దగ్గర పడుతున్నాయి. పోయిన ఏడాది మా హాస్టల్లో రెండు మూడు సబ్జెక్టులు పోయిన పిల్లల్లో ముగ్గురు సంక్రాంతికి ఇంటికెళ్లి మళ్లీ రాలేదు. ఎవరూ ఫోన్ చేయలేదు వాళ్లకి. ఈసారి రిజల్ట్స్ రాగానే టాపర్ల ఫోటోలతో పాటు పోయినవాళ్ల పేర్లు కూడా చూడాలి. గ్రూపులో పెట్టొద్దు, సిగ్గుపడతారు. అడ్మిన్ అన్నలకు విడిగా పంపండి. డిగ్రీ అయిపోయిన అన్నలు, అక్కలు ఒక్కొక్కరు ఇద్దరేసి పిల్లల్ని పంచుకుని ఫోన్ చేయండి, వాళ్ల అమ్మానాన్నలతో మన భాషలోనే మాట్లాడండి, సప్లిమెంటరీ ఫీజు ఆఖరి తేదీ ఎప్పుడో చెప్పండి. లెక్కలు, ఇంగ్లీషు గ్రామర్ మేము నలుగురం ఆదివారం పొద్దున్న పది నుంచి ఫోన్‌లో చెప్తాం. సిగ్నల్ లేని ఊళ్ల వాళ్లకు ఆడియో రికార్డు చేసి పంపుతాం. ఫిజిక్స్‌కి మనిషి లేరు, ఎవరైనా ఉంటే కింద పేరు రాయండి.