షుగర్ గోలీకి లేని షరమ్ ఈ గోలీకెందుకు?

జగ్గయ్యపేటలో మా ఖాలా ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. అందులో ఖాలూ షుగర్ గోలీలు, ఖాలా బీపీ గోలీలు. మెహమాన్లు ఎవరొచ్చినా ఆ డబ్బా అక్కడే ఉంటుంది. "మీకెంతుంది షుగర్? నాకు రెండొందల ఎనభై" అని చాయ్ తాగుతూ ముచ్చట్లు కూడా నడుస్తాయి. అదే ఇంట్లో ఇంకో గోలీ ఉంది. అది బీరువాలో, చీరల మడతల కింద ఉంటుంది. ఇంట్లో చుట్టాలుంటే ఆ పూట గోలీ మానేస్తారు గానీ వాళ్ల ముందు మాత్రం వేసుకోనివ్వరు.

ఆ గోలీ పేరు లిథియం. ఆ బీమారీ పేరు బైపోలార్. అది వేసుకునేది మా ఖాలా పెద్దకొడుకు, నాకంటే ఆరేళ్లు చిన్న. అతని ఇజాజత్‌తోనే ఇది రాస్తున్నాను. "రాయి భాయ్, పేరు మాత్రం వద్దు. చెల్లికి రిష్తాలు చూస్తున్నారు" అన్నాడు. నా కోపమంతా ఆ ఒక్క మాట మీదే. అన్నకి బీమారీ ఉంటే చెల్లి నికాహ్ ఎందుకు ఆగాలి? ఖాలూ షుగర్ చూసి ఎవరైనా రిష్తా వద్దన్నారా?

మొదటిసారి ఇది బయటపడ్డప్పుడు మాకు బయటపడిందనే తెలియలేదు. అతనికి చిన్న సెల్ ఫోన్ల షాపు ఉండేది. ఒక చలికాలం ఉన్నట్టుండి మనిషి మారిపోయాడు. రాత్రి రెండు మూడు గంటలు పడుకుంటే చాలు, తెల్లారి అలసటే లేదు. తహజ్జుద్, ఫజర్, ఆ తర్వాత బజార్లో నిలబడి అందరికీ దీన్ గురించి చెప్పడం. మాట గుక్క తిప్పుకోకుండా వచ్చేది. అడిగినవాడికీ అడగనివాడికీ ఖైరాత్. నందిగామలో రెండో షాపుకి అడ్వాన్సు ఇచ్చాడు, విజయవాడలో మూడో దానికి మాట్లాడాడు. బీబీ నగలు తాకట్టు పెట్టాడు. మొహల్లా ఏమంది? "మాషా అల్లా, అల్లా కా కరమ్ హై" అంది. మస్జిద్‌లో ముందు సఫ్‌లో నిలబెట్టారు. నేనూ మురిసిపోయాను.

రెండు నెలలు తిరక్కుండా షట్టర్ పడింది. మంచం దిగలేదు. స్నానం లేదు, తిండి లేదు, పిల్లాడు వచ్చి మీద పడితే కూడా చూపు తిరగలేదు. జుమాకి లేవలేకపోయాడు. అప్పులవాళ్లు ఇంటికొస్తే దుప్పటి ముసుగు. ముందు సఫ్‌లో నిలబెట్టినవాళ్లే "ఈమాన్ కమ్‌జోర్ అయ్యింది, నమాజ్ వదిలితే ఇంతే" అన్నారు. ఒకాయన ఇంటికొచ్చి మరీ తౌబా చేయించాడు.

పొంగినప్పుడు వలీ అన్నాం, కుంగినప్పుడు గునహ్‌గార్ అన్నాం. బీమార్ అని మాత్రం ఎవరం అనలేదు. ఇదే మన అసలు తప్పు. బైపోలార్ అంటే ఈ రెండూ కలిసిన ఒకే బీమారీ. ఉర్దూలో దీన్ని 'దో ఖుత్బీ' అంటారు, రెండు ధ్రువాలది అని. హుషారు వారం రోజులో అంతకు మించో అలా పొంగి ఉంటే దాన్ని డాక్టర్లు మేనియా అంటారు. దిగులు కనీసం రెండు వారాలు మనిషిని నేలకి అంటించేస్తే డిప్రెషన్. ఈ రెండింటి మధ్య నెలలు, ఒక్కోసారి ఏళ్లు మామూలుగానే గడుస్తాయి. ఎక్కువగా చదువుకునే వయసులో, ఇరవైల్లో మొదలవుతుంది. ఖాందాన్‌లో ఒకరికి ఉంటే ఇంకొకరికి వచ్చే అవకాశం ఎక్కువ. 2019లో ప్రపంచంలో 4 కోట్ల మందికి ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇందులో హిందూ ముస్లిం లేదు, నమాజీ బేనమాజీ లేదు.

మనం సగమే చూడడం వల్ల ఎంత నుక్సాన్ జరుగుతుందో చెప్తాను. దిగులు రోజుల్లో అతన్ని ఒక డాక్టర్‌కి చూపించాం. "నిద్ర లేదు, ఏడుస్తున్నాడు" అని చెప్పాం. అంతకు ముందు హుషారుగా తిరిగిన రెండు నెలల గురించి చెప్పలేదు. చెప్పాలని తోచలేదు కూడా, అవి మంచి రోజులనే కదా మా లెక్క! ఆయన డిప్రెషన్ గోలీలు రాశాడు. బైపోలార్ ఉన్న మనిషికి మూడ్‌ని నిలకడగా ఉంచే మందు లేకుండా డిప్రెషన్ గోలీ ఒక్కటే ఇస్తే మళ్లీ పైకి ఎగదోసే ప్రమాదం ఉంది. మావాడికి అదే అయింది. మూడు వారాల్లో మళ్లీ నిద్ర పోయింది, మళ్లీ అప్పులు. ఈసారి బీబీ మీద చెయ్యి కూడా లేచింది. ఆమె పిల్లాణ్ని తీసుకుని మైకే వెళ్లిపోయింది.

అప్పుడు వచ్చాడు ఆమిల్. నిమ్మకాయ కోశాడు, చూశాడు. "అసర్ హై. దగ్గరివాళ్లే చేయించారు" అన్నాడు. దగ్గరివాళ్లంటే ఎవరు? మా ఖాలాకి వెంటనే తన నణంద్ గుర్తొచ్చింది. నలభై వేలు తావీజ్‌లకి, పలీతాలకి పోయాయి. అవి పోతే పోయాయి. ఆ రెండిళ్ల మధ్య మాటలు ఇప్పటికీ లేవు. ఏ పాపమూ ఎరగని ఆ ఫుప్పీ మౌత్ మట్టికి కూడా ఆ ఇంటికి రాదు. ఇది జుల్మ్ కాదా? మెదడులో వచ్చిన బీమారీకి ఒక ఆడమనిషిని జాదూగర్ చేశాం.

నేను దువాకి, రుఖియాకి వ్యతిరేకిని కాను. ఆయతులు చదివి దమ్ చేసుకోండి, నేనూ చేస్తాను. కానీ ప్రతి బీమారీకి అల్లా షిఫా కూడా దింపాడని చెప్పింది మన రసూలే. ఇలాజ్ చేయించుకోమా అని అడిగినవాళ్లకి చేయించుకోండి అని చెప్పిందీ ఆయనే. అఖల్ తప్పిన మనిషి మీద, అఖల్ తిరిగొచ్చేదాకా కలం రాయదని చెప్పిందీ ఆయనే. అల్లా లెక్క రాయని రోజులకి మనం లెక్క రాస్తున్నామే, మనమెవరం?

మన తారీఖ్ కూడా ఇది కాదు. ఇబ్న్ సీనా తన అల్ ఖానూన్‌లో మాలీఖూలియాకి, అంటే ఈ దిగులు జబ్బుకి, వేరే బాబ్ పెట్టి ఇలాజ్ రాశాడు. ఖాహిరాలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన బీమారిస్తాన్‌లో మనసు బాగాలేనివాళ్లకి వేరే గదులు ఉండేవి. ఏడొందల ఏళ్ల కిందట దవాఖానా ఇచ్చిన ఉమ్మత్ ఇప్పుడు నిమ్మకాయ ఇస్తోంది.

నిమ్మకాయతో ఆగితే అదృష్టం. మన దగ్గర నుంచి బీమారులను దూరపు దర్గాలకి తీసుకెళ్లి వదిలేసి వచ్చేవాళ్లు ఉన్నారు. అలా వదిలితే ఏమవుతుందో తమిళనాడులోని ఏర్వాడి చూపించింది. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున, అక్కడి దర్గా దగ్గర ఒక ప్రైవేటు హోమ్‌లో పాకకి నిప్పంటుకుంది. లోపలివాళ్ల కాళ్లకి గొలుసులు ఉన్నాయి. పరుగెత్తలేకపోయారు. 28 మంది పోయారు. వాళ్లని గొలుసులకి అప్పజెప్పింది దుష్మన్లు కాదు, సొంత ఇంటివాళ్లే. ఇప్పుడు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని పూర్తిగా నిషేధించింది. ప్రభుత్వ దవాఖానాలో ఇలాజ్ పొందడం హక్కు అని కూడా అదే చట్టం చెప్పింది.

దర్గా దగ్గరే దారి కూడా ఉంది. గుజరాత్‌లో మెహసానా జిల్లా ఉనావాలో మీరా దాతార్ దర్గా ఉంది. అక్కడ 'దవా, దువా' అని ఒక పని నడుస్తోంది. ముజావర్లు దువా చేస్తారు, మనిషి హాలత్ చూసి పక్కనే ఉన్న మానసిక డాక్టర్ దగ్గరికి వాళ్లే పంపుతారు. ముజావర్ "వెళ్లు బేటా" అంటే వెళ్లని మనిషి ఉండడు. జగ్గయ్యపేట, నందిగామ మస్జిదుల్లో ఈ మాట ఒక్క జుమా బయాన్‌లో చెప్తే ఎన్ని ఇళ్లు బాగుపడతాయో! ఇంతవరకూ నేనైతే వినలేదు.

మావాడికి దారి దొరికింది విజయవాడలో. అక్కడ మానసిక డాక్టర్ మొదట అడిగిన సవాల్ ఇదే: "అంతకుముందు ఎప్పుడైనా నిద్ర లేకుండా విపరీతమైన హుషారుగా ఉన్నాడా?" మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ ఒక్క సవాల్‌తో బీమారీకి పేరు దొరికింది. లిథియం మొదలైంది. అది కొత్త మందేమీ కాదు. ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ 1949లోనే మేనియాకి దాని ఉపయోగం చూపించాడు. మూడు నెలలకి ఒకసారి రక్తంలో మందు ఎంతుందో చూడాలి, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. అంతే. షుగర్‌కి చేయించడం లేదా?

తర్వాత వచ్చింది 2019 రంజాన్. మే నెల. మన జగ్గయ్యపేట, నందిగామ ఎండ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. రోజాలు ఉంటానన్నాడు. "పాక్ నెలలో ఈ పిచ్చి గోలీలేంటి, అల్లా మీద భరోసా లేదా" అని ఒక పెద్దమనిషి అన్నాడు. గోలీలు మానేశాడు. సహెరీకి లేవడం, తరావీహ్ దాకా మేలుకోవడం, నిద్ర తెగిపోవడం. ఈ బీమారీకి నిద్ర పోవడమే నిప్పురవ్వ. ఇరవయ్యో రోజాకి మనిషి మన చేతిలో లేడు. ఈద్ రోజు మేం ఈద్‌గాలో లేం, దవాఖానాలో ఉన్నాం. నేనప్పుడు చుట్టాలకి ఏం చెప్పానో తెలుసా? "గ్యాస్ ట్రబుల్, అడ్మిట్ చేశాం" అన్నాను. పేపర్లో ఊరందరి సంగతులూ రాసే నేను ఆ రోజు అబద్ధం చెప్పాను. కాబట్టి ఈ తిట్లు ముందు నాకు.

గోలీ మానకుండా ఎవరినీ అడక్కుండా ఎండలో రోజా ఉండడం కూడా ఖతర్నాకే. ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. తలనొప్పికి, ఒళ్లు నొప్పులకి మెడికల్ షాపులో ఇచ్చే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి దాన్ని ఇంకా పెంచుతాయి. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, మాట ముద్దగా రావడం కనిపిస్తే వెంటనే దవాఖానాకి పరుగెత్తాలి. అందుకే షాబాన్‌లోనే డాక్టర్‌ని కలవండి. రోజా ఉండొచ్చా, మందు ఇఫ్తార్‌కి మార్చొచ్చా అన్నది డాక్టర్ చెప్పాలి, పక్కింటి పెద్దమనిషి కాదు. వద్దంటే మానేయండి. సూరా బఖరాలో అల్లా స్వయంగా బీమార్‌కి రుఖ్సత్ ఇచ్చాడు. తర్వాతి రోజుల్లో ఖజా ఉంది, అదీ వీలుకాని బీమారీ అయితే ఫిద్యా ఉంది. మన ఊరి ఆలింని అడగండి. అల్లా ఇచ్చిన రుఖ్సత్‌ని వద్దనడం తఖ్వా కాదు.

ఇక రిష్తాల మాట. దాచిపెట్టి నికాహ్ చేయడం ధోకా. "పెళ్లైతే కుదుటపడతాడు" అని ఒక అమ్మాయిని మందుబిళ్లలా వాడడం అంతకన్నా పెద్ద ధోకా. మా మరదలు మూడు నెలలు మైకేలో ఏడ్చింది బీమారీ వచ్చినందుకు కాదు, ఏం జరుగుతోందో ఆమెకి ఎవరూ చెప్పనందుకు. చెప్పాక తిరిగొచ్చింది. ఇవాళ గోలీ టైముకి గుర్తుచేసేది, నిద్ర తగ్గితే మొదట కనిపెట్టేది ఆమే. కానీ దాచేవాళ్లని ఒక్కళ్లనే అంటే ఇన్సాఫ్ కాదు. నిజం చెప్పిన ఇంటికి మనం ఏం ఇనామ్ ఇస్తున్నాం? పోయిన ఏడాది మా ఖాలా ధైర్యం చేసి ఒక రిష్తావాళ్లకి ఉన్నది చెప్పింది. వాళ్లు ఫాతిహా ఇచ్చినట్టు చాయ్ తాగి వెళ్లి, మళ్లీ ఫోన్ తియ్యలేదు. నిజానికి సజా వేసే మొహల్లాలో అబద్ధమే పుడుతుంది.

ఈ ఒక్క ఇంటి కథే అనుకోకండి. నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో, బైపోలార్ ఉన్న ప్రతి పదిమందిలో ఏడుగురికి ఇలాజ్ అందడం లేదని తేలింది. ఆ ఏడుగురిలో కొందరు మన గల్లీల్లోనే దుప్పటి ముసుగులో ఉన్నారు. కొందరు "నేను ఉండి ఏం లాభం" అంటున్నారు. ఆ మాట విన్నప్పుడు ఖుద్‌కుషీ హరామ్ అని బయాన్ ఇవ్వకండి. పక్కన కూర్చోండి, ఒంటరిగా వదలకండి, దవాఖానాకి తీసుకెళ్లండి. 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్ నంబరు. డబ్బు ఖర్చు లేదు, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడొచ్చు. విజయవాడ ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక విభాగం ఉంది. నందిగామ నుంచి బస్సెక్కితే గంటన్నర. దూరపు దర్గాకి రెండు రోజులు వెళ్లగలిగినవాళ్లకి ఈ గంటన్నర బరువా?

డాక్టర్ దగ్గర దిగులు ఒక్కటే కాదు, హుషారు రోజులు కూడా చెప్పండి. ఎన్ని గంటలు పడుకున్నాడో, ఎంత అప్పు చేశాడో రాసుకుని వెళ్లండి. బాగున్నాడు కదా అని మీరే గోలీ ఆపకండి. అడక్కుండా ఆపితే బీమారీ తిరగబడుతుంది. ఆడపిల్లలైతే నికాహ్‌కి, కాన్పుకి ముందే డాక్టర్‌తో మాట్లాడండి. ఈ బీమారీకి వాడే వాల్‌ప్రొయేట్ లాంటి మందులు కడుపులో బిడ్డకి హాని చేస్తాయి, మార్చాల్సి ఉంటుంది.

మావాడు ఇప్పుడు మళ్లీ షాపు నడుపుతున్నాడు. ఒక్క షాపే. అప్పు సగం తీరింది. మొన్న వాళ్లింటికి వెళ్లినప్పుడు బీరువాలోంచి ఆ గోలీల స్ట్రిప్ తీసి, ఫ్రిజ్ మీద ఖాలూ డబ్బాలో వేశాను. ఖాలా కంగారుగా తలుపు వైపు చూసింది. సాయంత్రం చుట్టాలు వస్తారట, ఆ రిష్తా సంగతి మాట్లాడడానికి. నేను తియ్యలేదు. వాళ్లు వెళ్లాక ఆ స్ట్రిప్ ఎక్కడుందో నేను అడగలేదు. అడగాల్సిన అవసరం లేని మొహల్లా మనం ఎప్పుడు తయారు చేస్తాం?